అలవాటు పడింది ఒళ్లు కాదు

సాయంత్రం ఆరు దాటాక సముద్రం దగ్గరి రాంబిల్లిలో మందుల షాపు ముందు కాసేపు నిలబడితే, వైద్యశాస్త్రం జనం నోట్లో ఎలా నలుగుతోందో తెలుస్తుంది. సెజ్‌లో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లు, వేట నుంచి వచ్చి ఇంకా ఒంటిమీద ఉప్పు ఆరని మనుషులు, పిల్లని చంకనేసుకున్న తల్లులు. కిందటి నెల అక్కడ నాకు ముందు నిలబడ్డ పెద్దాయనకి అరవై దాటే ఉంటాయి. రొంటిలోంచి ఒక బిళ్లల అట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు. కత్తెరతో సగానికి కత్తిరించిన అట్ట. మందు పేరులో చివరి మూడక్షరాలే మిగిలాయి. గడువు తేదీ ఉన్న ముక్క ఎవరింట్లో ఉందో. వెనక నిలువునా, చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్రగీత మాత్రం చక్కగా కనిపిస్తోంది.

"ఇది మా ఒంటికి అలవాటైపోనాది బాబూ. పవరున్నదివ్వు."

కుర్రాడు చీటీ అడగలేదు. జ్వరం ఎన్నాళ్ల నుంచి అనీ అడగలేదు. వెనక్కి తిరిగి ఇంకో డబ్బా అందుకుని నాలుగు బిళ్లలు కత్తిరించి ఇచ్చాడు. ఇంటికెళ్తే నాలుగు బిళ్లల్లో రెండు మింగుతారు, రెండు డబ్బాలో పడతాయి. నేనూ ఆ పని చేసినవాణ్నే కాబట్టి తెలుసు.

ఆ వాక్యం మాత్రం నన్ను వదల్లేదు. యాంటీబయాటిక్ మందులు పని చెయ్యడం మానేస్తున్నాయన్న కబురు ఊరూరా చేరింది. కానీ చేరినప్పుడు కర్త మారిపోయింది. మందుకు అలవాటు పడింది ఒళ్లు అనుకుంటున్నాం. సారాకి ఒళ్లు అలవాటు పడుతుంది, నిజమే. నిద్రమాత్రకి పడుతుంది. పొగాకుకి పడుతుంది. ఆ అనుభవం మీంచే యాంటీబయాటిక్‌నీ అదే గాటన కట్టేశాం. యాంటీబయాటిక్‌కి మన ఒంటితో పనే లేదు. అది వెతుక్కుంటూ పోయేది ఒంట్లో దూరిన బ్యాక్టీరియాని. లొంగనని మొండికేసింది కూడా ఆ బ్యాక్టీరియానే. జీవితంలో ఒక్క బిళ్ల మింగని పసిపాపకి కూడా మందుకి లొంగని బ్యాక్టీరియా సోకవచ్చు, కారణం ఇదే.

సగం తప్పు మాట తయారు చేసినవాళ్లది. రెసిస్టెన్స్‌కి 'నిరోధకత' అని పేరు పెట్టారు. అప్పటికే మనకి 'రోగనిరోధక శక్తి' ఉంది. అది ఒంటికి ఉండేది, మంచిది, పెరగాలని కషాయాలు తాగి మరీ కోరుకునేది. రెండో నిరోధకత క్రిమిది, చెడ్డది. ఒకే మాట రెండు వైపులా కాపలా కాస్తుంటే జనం గందరగోళపడక ఏం చేస్తారు? 'లొంగనితనం' అని ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాల్లో అది రాదు, ఆ సంగతీ తెలుసు. ఈ వ్యాసంలో మాత్రం నేను లొంగడం, లొంగకపోవడం అనే రాస్తాను.

ఇంకో మాట కూడా తేల్చుకోవాలి. క్రిమి. తెలుగులో క్రిమి అంటే బ్యాక్టీరియా కావచ్చు, వైరస్ కావచ్చు, కడుపులో నులిపురుగు కూడా కావచ్చు. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని మాత్రమే. జలుబు, ఫ్లూ, డెంగీ పూర్తిగా, మామూలు గొంతునొప్పులు చాలామటుకు వైరస్‌లవే. వాటి మీద అజిత్రోమైసిన్ వేసినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా వైరస్‌కి ఒకటే. ఉప్పునీళ్లు గొంతుకి కాస్త హాయినైనా ఇస్తాయి.

వల కన్ను

మర్నాడు పొద్దున్న ఆ పెద్దాయనే ఒడ్డున కొబ్బరి చెట్టు నీడలో వల బాగు చేసుకుంటూ కనిపించాడు. జ్వరం తగ్గిందా అంటే, "తగ్గినట్టే ఉంది" అన్నాడు. పక్కన కూర్చున్నాను. నీలం నైలాను వల, కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టి, తెగిన కళ్లని ఒక్కొక్కటే ముడి వేస్తున్నాడు.

"కన్ను ఎంతుండాలి బాబాయ్?"

"ఏ చేపకి ఆ కన్ను బాబూ. పెద్ద కన్నైతే చిన్న చేప జారిపోద్ది. ఒకప్పుడు ఇక్కడ పెద్ద చేప పడేది. ఇప్పుడన్నీ చిన్నవే."

తనకి తెలియకుండానే ఆయన ఈ కథలో మొదటి పాఠం చెప్పేశాడు. శాస్త్రజ్ఞులు దాన్ని 'ఎంపిక ఒత్తిడి' అంటారు. ఏళ్ల తరబడి ఒకే కన్ను వల వేస్తే, ఆ కన్నులో చిక్కే చేపలు పోతాయి. జారిపోయినవి గుడ్లు పెడతాయి. కొన్నేళ్లకి సముద్రంలో జారిపోయే రకమే మిగులుతుంది. చేప వలకి 'అలవాటు' పడలేదు. ఏ చేపా కూర్చుని ఒళ్లు తగ్గించుకోలేదు. తగ్గి ఉన్నవి బతికాయి, అంతే. చేపకి ఇది ఏళ్ల తరబడి జరిగే పని. పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా అన్నీ అమరితే 20 నిమిషాలకొకసారి రెండవుతుంది. రాత్రి భోజనం నుంచి పొద్దున్న కాఫీ దాకా ఎన్ని తరాలో లెక్కేసుకోండి. అన్ని కోట్ల నకళ్లు రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. అదే మ్యుటేషన్, ఉత్పరివర్తన. వాటిలో ఎక్కువ పనికిరానివి. ఏ ఒక్కటో మందు నుంచి తప్పించుకునే దారి అవుతుంది.

ఈ లొంగనితనం ముందే ఉందా, మందు చూశాక పుట్టిందా అన్న తగవు ఒకప్పుడు శాస్త్రజ్ఞుల్లోనూ ఉండేది. 1952లో అమెరికాలో ఎస్తేర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు దాన్ని ఒక మఖమల్ గుడ్డ ముక్కతో తేల్చారు. మందు లేని పళ్లెంలో బ్యాక్టీరియాని మచ్చలు మచ్చలుగా పెంచారు. దాని మీద మఖమల్ గుడ్డ అద్ది, ఆ గుడ్డని తీసి స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లేల మీద రబ్బరు స్టాంపులా ఒత్తారు. మందు పళ్లేల్లో దాదాపు అన్నీ చచ్చిపోయాయి. బతికిన ఒకటీ అరా మాత్రం ప్రతి పళ్లెంలోనూ అదే చోట బతికాయి. వెనక్కి వెళ్లి మొదటి పళ్లెంలో ఆ చోటి మచ్చని తీసి చూస్తే, మందు మొహమే చూడని ఆ బ్యాక్టీరియా అప్పటికే మందుకి లొంగనిది. 'అలవాటు' అన్న మాటకి ఆ రోజుతోనే నూకలు చెల్లాలి. డెబ్బై ఏళ్లు దాటినా రాంబిల్లి షాపులో ఇంకా వినబడుతోంది. ఒక్క రాంబిల్లి అనేమిటి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే మాట.

పీత, తోడుడు డబ్బా

లొంగని బ్యాక్టీరియా ఎలా తప్పించుకుంటుంది? పుస్తకాల్లో దీనికి పెద్ద పట్టికలు ఉంటాయి. నాకు రెండే బాగా నచ్చుతాయి, వాటిని పెద్దాయన వల దగ్గరే చూపించవచ్చు.

మొదటిది పీత. వలలో పడ్డ పీత ఊరుకోదు, డెక్కతో దారం కొరికేస్తుంది. పెనిసిలిన్ అణువు మధ్యలో నాలుగు మూలల చిన్న వలయం ఉంది, పేరు బీటా-లాక్టమ్ వలయం. మందు బలమంతా అక్కడే. కొన్ని బ్యాక్టీరియాలు ఒక ఎంజైమ్‌ని తయారు చేసి ఆ వలయాన్నే తెంపేస్తాయి. ఆ ఎంజైమే బీటా-లాక్టమేజ్. ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చెయిన్ దీన్ని 1940లోనే కనిపెట్టి రాశారు. అక్కడ పెనిసిలిన్ సూది మొదటి రోగికి వేసింది 1941లో. అంటే మందు కన్నా ముందే మందుని విరగ్గొట్టే పనిముట్టు సిద్ధంగా ఉంది.

పీత డెక్కకి ఏదైనా అడ్డం పెడితే? మన ఊళ్లలో 'సిక్స్ ట్వంటీ ఫైవ్' అని అడిగి కొనే బిళ్ల సరిగ్గా అదే. అందులో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆమ్లం. రెండోది పెద్దగా బ్యాక్టీరియాని చంపదు, డెక్కలో ఇరుక్కుని కూర్చుంటుంది. ఈలోగా అమాక్సిసిలిన్ తన పని చేసుకుపోతుంది. 625 అంటే 500 కంటే 'పవరు ఎక్కువ' అని అడుగుతున్నవాళ్లకి ఆ అదనపు 125 పవరు కాదని ఎవరూ చెప్పలేదు.

డెక్కలూ రకరకాలు. కొన్ని పెనిసిలిన్‌నే తెంపుతాయి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి తర్వాతి తరం మందుల్ని కూడా తెంపేవి ఈఎస్‌బీఎల్‌లు. వాటికీ లొంగకపోతే ఆసుపత్రుల్లో ఎక్కించే మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లనీ తెంపేవి కార్బపెనెమేజ్‌లు. ఈ ఆఖరి జాతిలో ఒకదాని పేరు వినే ఉంటారు, ఎన్‌డీఎం-1. ఢిల్లీ వచ్చి వెళ్లిన ఒక రోగిలో స్వీడన్‌లో బయటపడింది. 2009లో పేరు పెట్టేటప్పుడు 'న్యూఢిల్లీ' అని చేర్చారు. మరుసటి ఏడు లాన్సెట్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చాక మన ప్రభుత్వం మండిపడింది, దేశానికి చెడ్డపేరని. పేరు మీద జరిగిన గొడవలో పదో వంతు జన్యువు మీద జరిగి ఉంటే బాగుండేదని అప్పట్లోనే అనిపించింది.

రెండోది తోడుడు డబ్బా. పడవలోకి నీళ్లు చేరుతుంటే కూర్చుని తోడి పోస్తారు కదా. వచ్చే నీటి కన్నా తోడే నీరు ఎక్కువైతే పడవ మునగదు. టెట్రాసైక్లిన్ లోపలికి వస్తుంటే బయటికి తోడిపోసే పంపుని బ్యాక్టీరియా పొరలో కనిపెట్టింది స్టువర్ట్ లెవీ బృందం, 1980లో. 'ఎఫ్లక్స్ పంప్' అని పేరు. కొన్ని పంపులు ఒకే మందుని తోడతాయి. కొన్నింటికి ఏ మందైనా ఒకటే, సంబంధం లేని నాలుగైదు మందుల్ని కలిపి తోడేస్తాయి.

ఇవి కాక తాళం మార్చేసే ఎత్తు ఉంది. మందు అతుక్కునే చోటునే బ్యాక్టీరియా మార్చుకుంటే తాళంచెవి పట్టదు. ఎంఆర్ఎస్ఏ అని ఆసుపత్రుల్లో భయపడే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియాది ఆ దారే. తలుపు సందులు మూసేసి మందుని లోపలికే రానివ్వని ఎత్తు మరొకటి.

ఇక లొంగనితనంతో కలిపేసి పొరబడే సంగతులు రెండు. పళ్ల మీద పొద్దున్నే ఉండే పాచి చూశారా, అది బయోఫిల్మ్. బ్యాక్టీరియాలన్నీ జిగురు కట్టుకుని గుంపుగా కూర్చున్న ఊరు. అందులో లోపల ఉన్నవాటికి మందు సరిగ్గా చేరదు. మూత్రం గొట్టాల మీద, కృత్రిమ కీళ్ల మీద ఇదే పాచి పడితే వైద్యులకి చుక్కలు కనిపిస్తాయి. రెండోది, నిద్రపోయే బ్యాక్టీరియా. వల లాగేటప్పుడు బురదలో కదలకుండా పడుకున్న చేప దొరకదు, అలాగ. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐర్లండ్ వైద్యుడు వీటికి 'పర్సిస్టర్లు' అని పేరు పెట్టాడు. చిత్రం ఏమిటంటే వీటి పిల్లలు మామూలుగా మందుకి లొంగుతాయి. జన్యువులో మార్పేమీ ఉండదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చిందంటే ప్రతిసారీ మందు చెడిపోయిందని కాదన్నమాట.

ఉంగరాలు మార్చుకునే వాళ్లు

తండ్రి నుంచి కొడుక్కి ఆస్తి వచ్చినట్టు లొంగనితనం తరం నుంచి తరానికే పోతే ఇంత ఆందోళన అక్కర్లేదు. బ్యాక్టీరియా లోకంలో పక్కింటివాడికీ, దారిన పోయేవాడికీ, వేరే కులంవాడికీ కూడా ఆస్తి రాసిచ్చే వీలుంది.

బ్యాక్టీరియా అసలు డీఎన్ఏ కాకుండా లోపల చిన్న చిన్న ఉంగరాల్లా విడి డీఎన్ఏ తిరుగుతూ ఉంటుంది. ప్లాస్మిడ్ అంటారు. ఆ మాట కూడా జాషువా లెడర్‌బర్గ్ పెట్టిందే, మఖమల్ గుడ్డ ఏడాదే. బ్యాక్టీరియా గొట్టం లాంటిది చాచి పక్కదాన్ని దగ్గరకు లాక్కుని ఉంగరానికి నకలు చేసి అందిస్తుంది. ఇది కాంజుగేషన్. చచ్చిపడ్డ బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కని ఏరుకుని తగిలించుకోవడం ట్రాన్స్‌ఫర్మేషన్. బ్యాక్టీరియాని పట్టే వైరస్ ఒకదాని జన్యువుని ఇంకోదానికి మోసుకెళ్లడం ట్రాన్స్‌డక్షన్. మూడు పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒక ఉంగరం మీద నాలుగైదు మందులకు లొంగని జన్యువులు వరసగా గుచ్చి ఉండొచ్చన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక మందు వేస్తే మిగతా నాలుగింటికి కూడా లొంగని బ్యాక్టీరియానే ఎంపిక చేసినట్టవుతుంది.

దీన్ని మొదట గట్టిగా చూసింది జపాన్. 1950లలో అక్కడ రక్త విరేచనాలతో వచ్చిన రోగుల్లో షిగెల్లా బ్యాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకి లొంగడం మానేసింది. నాలుగు మ్యుటేషన్లు ఒకేసారి జరగడం కల్ల. వెతికితే, పేగుల్లో హాయిగా ఉండే ఇ.కోలై నుంచి షిగెల్లాకి ఆ జన్యువులు మూకుమ్మడిగా దాటుతున్నాయని 1959లో తేలింది. మంచిగా ఉన్న బ్యాక్టీరియా చెడ్డదానికి ఆయుధాలు ఇస్తోంది. మనం అనవసరంగా బిళ్ల మింగినప్పుడు జబ్బు చేసిన బ్యాక్టీరియా ఒంట్లో లేకపోవచ్చు, కానీ పేగుల్లో ఉన్న కోటానుకోట్ల మంచివి ఉన్నాయి. వల వాటి మీద పడుతుంది.

భీమవరం నుంచి భీమవరానికి

టెట్రాసైక్లిన్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక తెలుగువాడి గురించి చెప్పకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకి అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

తర్వాత కథ ఆయన చూడలేదు. 1950 నాటికి అదే లెడర్లీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెడితే త్వరగా ఎదుగుతున్నాయని ప్రకటించారు. ఇక చూడండి, జబ్బు లేని జంతువులకి లావెక్కడానికి యాంటీబయాటిక్ మేత ప్రపంచమంతా పాకింది. 1970లలో స్టువర్ట్ లెవీ, పంపు కనిపెట్టిన ఆ మనిషే, ఒక పొలంలో కోళ్లకి టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టి చూశాడు. వారం తిరక్కుండా కోళ్ల పేగుల్లో, కొన్ని నెలలకి ఆ పొలంలో ఉండే మనుషుల పేగుల్లో లొంగని బ్యాక్టీరియా పెరిగింది. ఆ మనుషులు మందేమీ వేసుకోలేదు.

ఇప్పుడు మళ్లీ భీమవరం. సుబ్బారావు పుట్టిన ఊరు ఇవాళ రొయ్యల రాజధాని. అక్కడ 'కల్చర్' అంటే చెరువులో వనామి రొయ్య పెంచడం. ఆసుపత్రిలో కల్చర్ అంటే పళ్లెంలో బ్యాక్టీరియా పెంచడం. రొయ్యలు పట్టే ముందు నమూనా తీసి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో చూస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు రొయ్యల సాగులో పూర్తిగా నిషిద్ధం. టెట్రాసైక్లిన్ జాతికి పరిమితి ఉంది. 2016లో యూరప్ వాళ్లు మన చెరువు రొయ్యల సరుకులో 10 శాతానికి చేసే తనిఖీని 50 శాతానికి పెంచారు.

ఇక్కడ రెండు మాటలు విడదీయాలి. 'అవశేషం' అంటే రొయ్యలో మిగిలిన మందు. మందు ఆపి కొన్నాళ్లు ఆగితే చాలామటుకు పోతుంది. 'లొంగనితనం' చెరువు బురదలో, కాలవ నీళ్లలో బ్యాక్టీరియా ఉంగరాల్లో ఉండేది. రొయ్య ఓడెక్కి పోయాక కూడా అది ఇక్కడే ఉంటుంది. పరీక్షలో రొయ్య పాసైందంటే చెరువు పాసైనట్టు కాదు. అసలు విషాదం, రైతుని ముంచే తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వచ్చేది. ఈహెచ్‌పీ అనే మరో రొయ్యల తెగులుకీ కారణం బ్యాక్టీరియా కాదు. వాటి మీద యాంటీబయాటిక్ చల్లడం సముద్రంలో పంచదార కలపడమే. చల్లినందుకు చెరువులో ఉన్న విబ్రియో బ్యాక్టీరియా మాత్రం రాటుదేలుతుంది. రాంబిల్లి నుంచి దక్షిణంగా కాకినాడ, భీమవరం వైపు పోయేకొద్దీ ఈ చెరువులు పెరుగుతాయి, నీళ్లు కలుస్తాయి.

చంపనంత మందు

ఏ బ్యాక్టీరియాని అయినా ఎంత చిక్కటి మందు ఆపగలదో దానికి లెక్క ఉంది. ఎంఐసీ, కనిష్ఠ నిరోధక సాంద్రత. ఆ అంకె కన్నా తక్కువ మందు ఉంటే బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. తక్కువ మందు అంటే పని చెయ్యని మందు, ప్రమాదం లేని మందు అనుకునేవారు చాలాకాలం.

2011లో స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు అది తప్పని చూపించారు. కొన్ని మందుల్లో ఎంఐసీలో రెండు వందల ముప్ఫయ్యో వంతు ఉన్నా చాలు, లొంగని బ్యాక్టీరియాకి లొంగేదాని మీద కాస్త పైచేయి దొరుకుతుంది. చంపదు, కానీ ఎంపిక చేస్తుంది. కాలవలో, నదిలో, మురుగులో ఉండే పలచని మందు ఊరికే ఉండదన్నమాట.

మన రాంబిల్లికి ఇది దూరపు సంగతి కాదు. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో పరుచుకున్న సెజ్, కాస్త పైన పరవాడ ఫార్మాసిటీ, కింద శారద నది, ముందు సముద్రం. మందులు తయారయ్యే చోట నీళ్లు ఎలా ఉంటాయన్న ప్రశ్న గట్టిగా లేచింది తెలుగు నేల మీదే, హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరులో. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, శుద్ధి అయిన తర్వాతి నీటిలో, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ చూసింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అప్పట్లో దాదాపు 90 బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల నీళ్లు చేరే చోటు అది. ఆ లెక్కన ఒక్కరోజులో వెళ్లిపోయే సిప్రో స్వీడన్ దేశమంతటికీ ఐదు రోజులకి సరిపోయేంత.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, ఫ్యాక్టరీ నీళ్లలో ఒక్కో యాంటీబయాటిక్ ఎంతకి మించకూడదో అంకెలతో ముసాయిదా తెచ్చింది. ప్రపంచంలో ఏ దేశమూ అంత ముందుకు పోలేదని మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నీళ్లపై మార్గదర్శకాలు విడుదల చేసింది. మార్గదర్శకం అంటే చట్టం కాదు.

మూడక్షరాల చీటీ

ఇక నీళ్ల నుంచి రోగి దగ్గరికి వద్దాం. కల్చర్ రిపోర్టు ఎప్పుడైనా చేతికొస్తే ఇలా చూడండి. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఎస్, ఐ, ఆర్. ఎస్ అంటే లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే 'మధ్యస్థం, వాడకూడదు' అని చాలామంది అనుకుంటారు. యూరప్ పద్ధతిలో 2019 నుంచి దాని అర్థం 'మోతాదు పెంచితే లొంగుతుంది' అని.

ఆ అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయో ఒకసారి ప్రయోగశాలలో దగ్గరగా చూశాను. పసుపు పచ్చని జిగురు పళ్లెం నిండా బ్యాక్టీరియా పరిచి, చొక్కా గుండీ కన్నా చిన్నవైన తెల్లటి బిళ్లలు పెడతారు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. పొద్దున్నకి పళ్లెం అంతా మసక పొర పడుతుంది. మందు పని చేసిన బిళ్ల చుట్టూ మాత్రం తేటగా గుండ్రటి ఖాళీ. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇ.కోలై మీద సిప్రో అయితే అమెరికా పట్టిక ప్రకారం ఆ వలయం 26 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే ఎస్. 21, అంతకు లోపు ఉంటే ఆర్. నేను చూసిన పళ్లెంలో సిప్రో బిళ్ల చుట్టూ ఖాళీయే లేదు. బిళ్ల అంచుల దాకా మసక పొర పాకేసింది, నాచు పట్టిన మెట్టులా.

ఈ పరీక్షకి రెండు మూడు రోజులు పడుతుంది. కూలి పోగొట్టుకుని మూడు రోజులు ఆగమని ఎవరికి చెబుతాం? అందుకే వైద్యులు ఊహించి మొదలు పెడతారు. ఆ ఊహకి ఆధారం 'యాంటీబయోగ్రామ్', అంటే ఫలానా ఆసుపత్రిలో ఈ ఏడాది ఏ బ్యాక్టీరియా ఏ మందుకి ఎంత శాతం లొంగిందన్న పట్టిక. జిల్లాకొకటి తాజాగా ఉండి, మండలంలో కూర్చున్న వైద్యుడి టేబుల్ మీదకు చేరితే ఆ ఊహ గురి తప్పడం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లని మూడు బుట్టల్లో వేసింది. అమాక్సిసిలిన్ లాంటివి మొదట వాడదగినవి. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రో లాంటివి కాస్త కన్నేసి వాడాల్సినవి. కొలిస్టిన్ లాంటివి దాచుకోవాల్సినవి. మన షాపుల్లో మొదట చెయ్యి పోయేది రెండో బుట్టలోకే. 2019 లెక్కల ప్రకారం దేశంలో ప్రైవేటు అమ్మకాల్లో అన్నిటికన్నా ఎక్కువ పోయింది అజిత్రోమైసిన్ 500 బిళ్ల. దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ని కోళ్ల మేతలో కలపకుండా ఆపింది 2019 జులైలో.

కోర్సు పూర్తి చెయ్యాలా అన్న ప్రశ్నకీ జవాబు కాస్త మారింది. టీబీకి పూర్తి చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. మిగతా చాలా జబ్బుల్లో తక్కువ రోజులు చాలని, ఎక్కువ రోజులు మింగితే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా మీదే ఎంపిక ఒత్తిడి పెరుగుతుందని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు వాదించారు. ఎన్ని రోజులన్నది వైద్యుడు తేల్చాలి. జ్వరం దిగిన రోజున మనం తేల్చేది కాదు, కత్తెర తేల్చేది అసలే కాదు.

2019లో ప్రపంచవ్యాప్తంగా లొంగని బ్యాక్టీరియా వల్లనే పోయినవాళ్లు 12.7 లక్షల మంది అని లాన్సెట్ అంచనా. ఆ పొద్దున్న వల దగ్గర ఈ అంకె పెద్దాయనకి చెప్పలేదు. ఇంకో సంగతి చెప్పాను. లొంగని బ్యాక్టీరియా ఏ జబ్బూ చెయ్యకుండా పేగుల్లో నెలల తరబడి ఊరికే కాపురం ఉండగలదని, దాన్ని 'కాలనైజేషన్' అంటారని, ఏ ఆపరేషన్ నాడో, మూత్రంలో మంట పుట్టిన నాడో బయటపడుతుందని.

ఆయన వల సూది ఆపాడు.

"అయితే అది నా కడుపులో ఉందంటావేటి?"

"ఉండొచ్చు బాబాయ్. నా కడుపులోనూ ఉండొచ్చు."

కాసేపు సముద్రం వైపు చూశాడు. "మా దగ్గిర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వల ముట్టుకోకూడదు. చేప గుడ్డు పెడతాదని గవర్నమెంటోళ్లు ఆపేత్తారు. 61 రోజులు" అన్నాడు. "మందుల షాపుకి ఆ సెలవు నేదా?"

బొటనవేలికి వల మళ్లీ తగిలించి తర్వాతి కన్ను ముడి వేశాడు.